తీగల్లేని బేస్‌లో నిలబడ్డ కర్ర

నేను కథలు అల్లే మనిషిని కాను. అనకాపల్లిలో నా దగ్గర హార్మోనియం బాగుచేయించుకున్నవాళ్ళని ఎవర్నైనా అడగండి. నమాజు చేసుకునేవాణ్ణి, అబద్ధం ఆడను. ఇది నాకే జరిగింది.

పోయిన వానాకాలం. కశింకోట నుంచి ప్రకాశరావు మాస్టారు ట్రాలీ ఆటోలో డబుల్ బేస్ తెచ్చారు. వయొలిన్ ఆకారమే కానీ మనిషికన్నా పొడుగు. చర్చిలో ముప్పై ఏళ్ళుగా ఆయనే వాయిస్తున్నారు. ఇప్పుడు పై చెక్క పగిలింది. గొంతు పూడుకుపోయినట్టు పలుకుతోంది.

"ఆదివారానికి పలక్కపోతే కీబోర్డు పెట్టేత్తారంట, యూసుఫూ. నన్ను కూడా పక్కన కూకోబెడతారు," అన్నారు. నవ్వబోయారు. నవ్వు రాలేదు.

"సూత్తాను మాస్టారూ," అన్నాను.

తీగలు విప్పగానే లోపల ఏదో దొర్లింది. పై చెక్కకీ అడుగు చెక్కకీ మధ్య నిలబెట్టే చిన్న కర్ర అది. జిగురుండదు. తీగల బిగింపుకే నిలుస్తుంది. వెంట్రుకవాసి జరిగినా పలుకు మారిపోతుంది. పాతది అరిగిపోయింది. కొత్తది చెక్కి, పై చెక్కకున్న కంతలోంచి లోపల పడేశాను, పొద్దున్న నిలబెడదామని. పగులుకి జిగురు పట్టించి, క్లాంపులు బిగించి, బేస్‌ని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టాను. దాని మీద ఒక్క తీగ లేదు.

వాన తగ్గలేదు. ఇంటికి ఫోన్ చేసి చెప్పి కొట్లోనే పడుకున్నాను. షట్టర్ లోపల్నుంచి వేశాను.

ఎప్పుడో మెలకువ వచ్చింది.

టక్...

చూరు నుంచి చినుకు అనుకున్నాను. వాన ఎప్పుడో ఆగిపోయింది.

టక్... టక్...

చెక్క మీద చెక్క. కాసేపు ఏమీ లేదు. తర్వాత సన్నగా... సర్ర్... ఏదో జరిపినట్టు. మళ్ళీ టక్.

కర్ర నిలబెట్టేటప్పుడు నేనూ అలాగే చేస్తాను. కొట్టి, వింటాను. కొంచెం జరుపుతాను. మళ్ళీ కొట్టి, వింటాను.

లోపల ఎవరో... వింటున్నారు.

ఎలుక అయ్యుంటుందని బల్ల మీద గట్టిగా చరిచాను. ఏదీ పరిగెత్తలేదు. చప్పుడు మాత్రం ఆగింది. ఫోన్ లైటు వేసి కంతలోంచి చూశాను. దుమ్ము. ఒక సాలెగూడు. కర్ర... నిటారుగా నిలబడి ఉంది.

బేస్‌ని ఒక పక్కకి ఎత్తి ఊపాను. కర్ర పడలేదు.

తెల్లారేదాకా కుర్చీలోనే కూర్చున్నాను. షట్టర్ తీయడానికి దాని పక్కనుంచి వెళ్ళాలి. వెళ్ళలేకపోయాను.

జిగురు ఆరాక, కర్రని ముట్టుకోకుండానే తీగలు బిగించాను. మాస్టారు వచ్చి కమాను ఒక్కసారి లాగారు. కాళ్ళ కింద గచ్చు అదిరింది. ఆయన కళ్ళు తుడుచుకున్నారు.

"ఇన్నేళ్ళలో ఇలా పలకలేదయ్యా. ఏటి సేసేవు?"

"ఆ కర్ర నేను పెట్టలేదు మాస్టారూ."

వినయం అనుకున్నారు. భుజం తట్టారు. ఆదివారం ఆయనే వాయించారు.

బిగుతుగా ఉంటే తీగల్లేకపోయినా కర్ర నిలబడొచ్చు. అది నాకూ తెలుసు. కానీ పడి ఉన్నదాన్ని లేపిందెవరు?

ఈమధ్య ఆయన మళ్ళీ ఫోన్ చేస్తున్నారు. తీగలు నాలుగూ మార్చాలట. రెండుసార్లు ఖాళీ లేదన్నాను. మూడోసారి కాదనలేకపోయాను. రేపు తెస్తున్నారు. తీగలు విప్పితే కర్ర పడాలి...

పడుతుందో, లేదో.