గారెల్లోకి చికెన్, అట్టులోకి టమాటా

ఆ రోజుల్లో నేను చాలా సన్నగా ఉండేదాన్ని. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది, కాస్త ఓపిక పట్టండి. బందరు నుంచి రోజూ బస్సులో గుడివాడ వచ్చి, ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో బైపీసీ పిల్లలకి పాఠం చెప్పేదాన్ని. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ప్రిన్సిపాల్ గారు (మేమంతా పెద్దసారు అనేవాళ్లం, హోదాకీ, నడుం చుట్టుకొలతకీ కూడా ఆ పేరు సరిపోయేది) ఒకరోజు వెనక బెంచీలో కూర్చుని నా పాఠం విని, ఉంచాలో పంపాలో తేలుస్తానన్నారు. పంపేస్తే చిలకలపూడిలో మా మావయ్య రోల్డుగోల్డు కొట్లో కూర్చోవాలి. "ఇది నల్లబడదు కదా?" అని అడిగినవాళ్లందరికీ "పడదండీ" అని చెప్పాలి. నాకు అబద్ధం చెప్పాలంటే మొహమాటం, ఆ మాట అనలేను.

పాఠం డీఎన్‌ఏ. మెలి తిరిగిన నిచ్చెనలా ఉండే ఆ రెండు పోగుల్లో ఎ, టి, జి, సి అని నాలుగే అక్షరాలు. ఇటు ఎ ఉంటే అటు టి, ఇటు జి ఉంటే అటు సి. మరో సంబంధం కుదరదు. పిల్లలు ఇంత మాత్రం కూడా మర్చిపోతుంటే, ఇంగ్లిషు మొదటి అక్షరాలతో ఒక తిండి చిట్కా కనిపెట్టాను. ఎ అంటే అట్టు, టి అంటే టమాటా పచ్చడి. జి అంటే గారెలు, సి అంటే చికెన్. ఈ ప్లేటులో గారెలు కనిపిస్తే పక్క ప్లేటులో ఏముందో చూడకుండానే చెప్పొచ్చు. కణం తన డీఎన్‌ఏకి నకలు తీసుకునేది ఇలాగే. అట్టుకీ టమాటాకీ మధ్య రెండు బంధాలు, గారెలకీ చికెన్‌కీ మధ్య మూడు, అందుకే విడదీయడం కష్టం (మా జిల్లాలో దీనికి ఎవరూ రుజువు అడగలేదు). ఆర్‌ఎన్‌ఏలో టి ఉండదు, దాని బదులు యు వస్తుంది. అంటే అట్టులోకి ఉప్మా. క్లాసంతా ఇట్టే పట్టేసింది.

పెద్దసారు వచ్చింది మాత్రం కార్తీకమాసంలో, అదీ సోమవారం. నేను బోర్డు మీద ఎ, టి, జి అని రాసి, దివిసీమ నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న ఫస్టు బెంచీ అమ్మాయిని పిలిచాను. క్లాసులో నాకున్న నమ్మకమంతా ఆ పిల్ల మీదే. ఎ కింద టి రాసింది. టి కింద ఎ రాసింది. జి దగ్గర ఆగి, కళ్లు మూసుకుని, కింద ఎ అని రాసింది.

"జి కింద ఎ ఏంటమ్మా?" అన్నారు పెద్దసారు.

"అల్లప్పచ్చడండీ."

"ఏంటీ?"

"కార్తీకమాసం కదండీ. చికెన్ మాట తలుచుకోకూడదని మా అమ్మమ్మ చెప్పిందండీ. అందుకని గారెల్లోకి అల్లప్పచ్చడి పెట్టానండీ."

పెద్దసారు నా వైపు తిరిగారు. ఆయన పొద్దుటి నుంచి ఉపవాసంలో ఉన్నారని నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం కళ్ల ముందు రోల్డుగోల్డు గొలుసులు వేలాడాయి. భయంలో నోటికి ఏదొస్తే అది అనేశాను. అదృష్టం, నోటికి సైన్సే వచ్చింది.

"ఎ, జి రెండూ లావుపాటివండీ. టి, సి సన్నవి. నిచ్చెన మెట్టు మన బస్సు సీటు లాంటిది. ఇద్దరు లావుపాటివాళ్లు పట్టరు. ఇద్దరూ సన్నవాళ్లయితే మధ్యలో ఖాళీ. ఒక లావు, ఒక సన్నం అయితేనే సరిపోతుందండీ. జి పక్కన ఎ కూర్చుంటే మెట్టు ఉబ్బిపోతుంది."

నేనెవరినీ ఉదాహరణగా చూపించలేదు. అయినా క్లాసంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగి పెద్దసారుని చూసింది. ఆయన తన బెంచీని చూసుకున్నారు. పక్కన ఓ బక్కపల్చటి విద్యార్థి అతికినట్టు కూర్చుని ఉన్నాడు.

"సరిగ్గానే ఉందండీ," అని లేచారు. గుమ్మం దగ్గర ఆగి, "మేడం, మీరు ఉండండి. ఈ నెలకి మాత్రం సి అంటే చట్నీ అని చెప్పండి. అల్లప్పచ్చడీ చట్నీయే కదా," అన్నారు. ఇంత తేలిక దారి నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు నేనూ జి కోవలోకి వచ్చేశాను. మొన్న బందరు నుంచి వస్తుంటే గుడ్లవల్లేరులో ఓ సన్నటి అమ్మాయి బస్సెక్కింది. మెడలో కొత్త ఐడీ కార్డు, చేతిలో పాఠ్యపుస్తకం, కాసేపట్లో చెప్పబోయే పాఠం కాబోలు, పెదాలు కదులుతున్నాయి. నా సీటు చూసి, "ఇద్దరం పడతామా ఆంటీ?" అంది. ఆంటీ అన్నందుకు మనసు చివుక్కుమంది.

"ఎందుకు పట్టం? కూర్చోమ్మా," అన్నాను.

అతికినట్టు సరిపోయాం. గుడివాడ వచ్చేదాకా ఆ పిల్లని ఓరకంట చూస్తూనే ఉన్నాను. అప్పటి నేను వచ్చి ఇప్పటి నా పక్కన కూర్చున్నట్టే ఉంది.