"లేదు" అని రాసిన అన్నయ్య

ఆమని ఆసుపత్రిలో స్కాన్లు తీస్తుంది. గుండె నుంచి దిగే పెద్ద రక్తనాళం ఉబ్బకముందే, దాని గోడ దెబ్బతింటున్న చోటును రేడియోధార్మిక మందుతో వెలిగించి చూపే కొత్త పరీక్ష ఒకటి ఈమధ్యే అక్కడ మొదలైంది. వంశంలో ఆ జబ్బుంటేనే ప్రస్తుతానికి చేస్తున్నారు.

నాన్న ఆ నాళం పగిలే పోయాడు. అయినా, సింగపూర్‌లోని తువాస్‌లో ఇంజనీరైన అన్నయ్య సుధాకరరావు ఆ పరీక్ష ఫారంలో, వంశంలో జబ్బుందా అన్నచోట "లేదు" అని రాశాడు. నిలదీస్తే, "అశుభం మన చేత్తో మనం రాసుకోకూడదమ్మా" అన్నాడు. ఆ ఏడాదే అతనిదీ పగిలింది.

హౌగాంగ్‌లోని అన్నయ్య ఫ్లాట్‌కి పరామర్శకొచ్చినవాళ్లతో వదిన అసలు కారణం దాచి "హార్ట్ ఎటాక్" అంటుంటే ఆమని పళ్లు నూరింది. మేనల్లుడు లోహిత్ చేతిలో అదే ఫారం పెట్టింది.

"లేటర్ లా, అత్తా," అన్నాడు సింగపూర్ యాసలో.

"ఇప్పుడే. మీ అమ్మ వంక చూడకు. తాత, నాన్న ఎలా పోయారో రాయి. మీ నాన్న రాయకపోతే ఆగిందా?"