ఆరు నిమిషాల లెక్క

మా కాలేజీలో బాస్కెట్‌బాల్ నేర్పే పీడీ సారుది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. ఎండలు ముదిరే ముందు కమిటీ కూర్చుని, ఆయన్ను ఉంచాలా పంపాలా అని తేలుస్తుంది. ఆ కమిటీలో నేనూ ఉన్నాను. సూర్యాపేటలోని ఆ ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో ముప్పై ఒక్క సంవత్సరాల రెండు నెలలు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పటికీ నన్ను రెండు పనులకు పిలుస్తారు. ఒకటి కమిటీ మినిట్స్ రాయడం, రెండోది మ్యాచ్‌లలో మా జట్టు స్కోరు పుస్తకం రాయడం. నేను రాస్తే మళ్ళీ ఎవరూ కూడి చూసుకోనక్కర్లేదు.

ఈ ఏడు కమిటీ కూర్చునే సరికి పీడీ సారు పని అయిపోయినట్టేనని బంట్రోతుకు కూడా తెలుసు. చిక్కంతా లీగు తర్వాతి మ్యాచ్‌లతో వచ్చింది. లీగు మ్యాచ్‌లు మా మైదానంలోనే జరుగుతాయి. పైకి వచ్చిన నాలుగు జట్లకు సెమీఫైనల్ కోదాడలో, ఫైనల్ మిర్యాలగూడలో. మూడేళ్ళుగా లీగులో మా పిల్లలు ఒక్కటీ ఓడలేదు. కానీ మొదటి రెండేళ్ళూ కోదాడ నుంచే ఇంటిదారి పట్టారు. ఈ ఏడు కోదాడలో గెలిచి, మిర్యాలగూడలో ఓడారు. మా కమిటీ అధ్యక్షుల వారికి బియ్యం మిల్లు ఉంది. బస్తాకు బస్తా లెక్క తేలాలనే మనిషి. ఆయన చూపు కోదాడ కాలేజీ కోచ్ మీద పడింది. ఆ కోచ్ బీరువాలో వరసగా రెండేళ్ళు గెలిచిన కప్పులున్నాయి.

పీడీ సారుకో నియమం ఉంది. పొరుగూరిలో ఆడే మ్యాచ్‌కు ఎంతమంది పిల్లల్ని బస్సెక్కిస్తాడో, అంతమందినీ ఆడిస్తాడు. బెంచీ మీది ఐదుగురినీ ఒకేసారి ఆటలోకి దించి, ఆరు నిమిషాలు ఉంచుతాడు. ఎందుకంటే లీగుకు రాని ఇళ్ళవాళ్ళు కూడా ఆ పెద్ద మ్యాచ్‌లకు వస్తారు. గరిడేపల్లి నుంచి నాట్లు ఆపుకొని వస్తారు. మోతె దగ్గరి తండా నుంచి ఆటో మాట్లాడుకొని, సద్ది కట్టుకొని వస్తారు. వచ్చినవాళ్ళు తమ పిల్ల బెంచీ మీద కూర్చోవడం చూసి వెళ్ళకూడదట.

మొదటి ఏడే నేను ఆయన్ను నిలదీశాను.

"ఐదుగురిని ఒక్కసారే ఎందుకు దించుతవ్? ఒక్కొక్కరిని దించితే ఇంత నష్టం ఉండదు గద."

"ఒక్కదాన్ని దించితే పెద్దపిల్లలు దానికి బాల్ ఇయ్యరు మేడం. ఆరు నిమిషాలు ఉరికి, బాల్ ముట్టకుండ వస్తది. ఇంటికివోయి ఏం జెప్పుకుంటది?"

దానికి నా దగ్గర సూత్రం లేదు. పుస్తకంలో మాత్రం బెంచీవాళ్ళు ఆడిన నిమిషాలకు వేరే గడి గీసుకున్నాను.

ఆ ఏడే కోదాడ మ్యాచ్‌లో అక్కడి కోచ్‌నూ వదల్లేదు. ఆయన బెంచీ మీది పిల్లలు మ్యాచ్ అంతా పైకోటు కూడా విప్పలేదు. అదేమిటని అడిగితే ఆయన నవ్వారు. "గెలిచాక ఫొటోలో అందరూ ఉంటారు కదండీ మేడం గారూ!" ఆ మాటా రాసుకున్నాను.

ఇక మిర్యాలగూడ ఫైనల్. మా జట్టులో పదో పిల్ల అధ్యక్షుల వారి మనుమరాలు. ఆయన రెండు కార్లలో ఇంటిల్లిపాదినీ తీసుకొచ్చి, తెల్లగీత పక్కనే కుర్చీలు వేయించుకున్నారు. సగం ఆట ముగిసేసరికి మావి ఇరవై ఆరు, అవతలి జట్టువి పద్దెనిమిది. ఆ తర్వాత పీడీ సారు తన నియమం ప్రకారం ఐదుగురు బెంచీ పిల్లల్నీ దించాడు. తండా నుంచి వచ్చిన తల్లులు తమ భాషలో కేకలు పెట్టారు. వాళ్ళ పిల్ల ఒక బుట్ట వేసింది. ఇక అధ్యక్షుల వారు ఫోన్ ఎత్తి పట్టుకుని గీత మీదికే వచ్చేశారు.

"బిడ్డా, ఇటు సూడు! ఒక్కసారి ఇటు సూడు! నవ్వరాదే జర!"

బిడ్డ చూసింది. బుద్ధిగా నవ్వింది కూడా. ఆ పిల్ల కాచుకోవాల్సిన అవతలి అమ్మాయి ఈలోగా బుట్ట వేసి వచ్చింది. అవ్వ పిలిస్తే అవ్వవైపు, అత్త పిలిస్తే అత్తవైపు చూసింది. ఆరు నిమిషాలు గడిచేసరికి మావి ఇరవై ఎనిమిది, వాళ్ళవి ముప్పై మూడు. చివరికి నలభై ఒకటికి నలభై నాలుగుతో ఓడాం.

కమిటీ రోజున పీడీ సారు గోడ పక్క కుర్చీలో, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. అధ్యక్షుల వారు నేరుగా విషయానికి వచ్చారు.

"మూడేండ్ల సంది సూస్తున్న. ఇంట్ల పులి, బజార్ల పిల్లి. కోదాడ సారు రెండు కప్పులు కొట్టిండు, గాయన్ని తెచ్చుకుందం. మేడం, రాయుండ్రి."

"రాస్త సార్. కాని లెక్క కుదుర్తలేదు."

"ఓడిండ్రు. గండ్ల లెక్కేముంది?"

"ఎవరు ఆడంగ ఓడిండ్రో చూడాలె గద సార్."

పుస్తకం తెరిచాను. ఫైనల్లో మొదటి ఐదుగురు ఆడింది ముప్పై నాలుగు నిమిషాలు, అందులో పది పాయింట్లు పైన ఉన్నాం. బెంచీ పిల్లలు ఆడింది ఆరు నిమిషాలు, అందులో పదమూడు కింద పడ్డాం. పదిలోంచి పదమూడు పోతే మనం ఓడిన మూడు. మొదటి ఏడాది కోదాడ ఓటమి కూడా ఇలాంటిదే. రెండో ఏడాదిది మాత్రం పీడీ సారు తెలివితక్కువతనం. ఆట ఆపి పిల్లలతో మాట్లాడుకునే టైమ్‌అవుట్లన్నీ ముందే వాడేసి, చివరి నిమిషంలో ఊరికే నిలబడ్డాడు. అదీ చదివాను. ఆయన తల వంచుకున్నాడు. లెక్కన్నాక ఎవరినీ మినహాయించలేం.

అధ్యక్షుల వారు మొదటి భాగమే పట్టుకున్నారు.

"గదే అంటున్న! గా ఆరు నిమిషాలు ఎవల పిల్లల్ని దించిండు? ఎవలెవలో సదువుండ్రి."

"వద్దులే సార్."

"వద్దంటే ఎట్ల? కమిటీకి తెల్వాలె. పదమూడు పాయింట్లంటే మజాకా?"

ప్రిన్సిపాల్ గారికి ఫైనల్ సంగతి తెలుసు. ఆమె టీ గ్లాసు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. నేను వరసగా చదివాను. గరిడేపల్లి రైతు బిడ్డ, తండా పిల్ల, ఆర్టీసీ డ్రైవర్ బిడ్డ, హుజూర్‌నగర్ టైలర్ బిడ్డ.

"అయిదో పిల్ల?"

"అవతలోళ్ళు కొట్టిన పదిహేనుల తొమ్మిది ఆ అయిదో పిల్ల కాచుకోవాల్సిన అమ్మాయే కొట్టింది సార్."

"ఎవల పిల్ల అది? గంత సోయి లేకుంట ఆడినామె?"

"మీ మనుమరాలు సార్. ఆట చూడనీయకుండ ఏడుసార్లు పిలిచిండ్రు. మీరు నాలుగు, అవ్వ రెండు, అత్త ఒకటి."

ప్రిన్సిపాల్ గారికి టీ పొలమారింది.

"మా పిల్ల మంచిగనే ఆడింది," అన్నారు ఆయన. గొంతు తగ్గింది. "వీడియోల మంచిగనే ఉన్నది."

"వీడియోల బాల్ కనవడ్తదా సార్?"

ఆయన పీడీ సారు వైపు తిరిగారు.

"కోదాడ సారైతే మా పిల్లను ఆడిస్తుండెనా?"

"ఏమో సార్," అన్నాడు పీడీ సారు. "ఫొటోల ఉంటుండె."

ఆయన ఆ మాట వెటకారంగా అనలేదు. నేను మాత్రం బల్ల కింద చూసుకున్నాను, నవ్వు కనబడకూడదని.

అధ్యక్షుల వారు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. "ఇంట్ల ఇప్పటికి ఇరవైసార్లు సూసింది గా వీడియో, పిల్ల అవ్వ," అన్నారు ఎవరితోనో అన్నట్టు. ఆ తర్వాత, "సరే, ఇంకో ఏడు సూద్దాం. ఏం షరతు పెడ్తరో పెట్టి రాయుండ్రి మేడం. మా పిల్ల ముచ్చట మాత్రం అండ్ల రావొద్దు."

రెండు షరతులు రాశాను. ఒకటి, చివరి నిమిషానికి ఒక టైమ్‌అవుట్ దాచి ఉంచవలెను. రెండు, బెంచీ క్రీడాకారిణులు ఆడే ఆరు నిమిషాలూ వారి బంధువులు గీతకు పదిహేను అడుగుల దూరంలో ఉండవలెను, పేరు పెట్టి పిలవరాదు.

ఆయన రెండోది రెండుసార్లు చదివారు.

"పది అడుగులు సాలదా మేడం?"

"మీ గొంతుకు సాలదు సార్."

సంతకం పెట్టి కలం మూత బిగించారు. కింద తేదీ వేయలేదు. వేయించాను.