బుధవారం జాయినింగ్

సీనియారిటీ జాబితా టైపు చేసే పని నాకే పడింది. ఎవరిని ఉంచాలో, ఎవరిని పంపాలో తేల్చే జాబితా అది. సూర్యాపేటలోని మా ప్రభుత్వ ఆఫీసులోనూ, దాని కింద ఉన్న కోదాడ ఆఫీసులోనూ కలిపి కాంట్రాక్టు మీద పనిచేసే కంప్యూటర్ ఆపరేటర్లం ఐదుగురం. నలుగురు చాలని పైనుంచి కాగితం వచ్చింది.

"ఎవర్ని తీసేయాల్నో ఎట్ల తేలుస్తరు సార్?" అని సూపరింటెండెంటు గారిని అడిగాను.

"తేల్చేదేముందమ్మా? ఎనక వచ్చినోళ్లు ముందు పోతరు. జాయినైన తేదీ సూడు, వరుసగ కొట్టు. గంతే."

గంతేనట! ఎన్ని ఆదివారాలు ఆఫీసుకొచ్చానో, జ్వరంతో కూర్చుని ఎన్ని రిపోర్టులు పంపానో రాయడానికి ఆ జాబితాలో గడే లేదు. పేరు, ఊరు, జాయినైన తేదీ, మూడే గడులు. కోదాడ ఆఫీసు అమ్మాయికి పని నేర్పిందే నేను. మొదటి ఆర్నెల్లు ప్రతి చిన్నదానికీ ఫోన్ చేసేది.

ఐదుగురిలో ముగ్గురు ఎంతో ముందు వచ్చినవాళ్లు. వాళ్లకు బెంగ లేదు. మిగిలింది నేనూ, కోదాడ అమ్మాయీ. మా ఇద్దరికీ ఒకే మంగళవారం పొద్దున ఇదే ఆఫీసులో ఉద్యోగపు ఆర్డర్లు ఇచ్చారు. ఆమె బస్టాండుకు పోయి కోదాడ బస్సెక్కి, ఆ మధ్యాహ్నమే జాయినింగ్ రిపోర్టు ఇచ్చేసింది. వాళ్లు చర్చికి వెళ్లేవాళ్లు, మంగళవారం పట్టింపు లేదు. నేను ఆర్డరు పట్టుకుని సంబరంగా ఇంటికి పోయాను.

అత్తమ్మ దాన్ని దేవుడి ముందు పెట్టి, నా నోట్లో చక్కెర పోసింది. "మంగళారం పూట కొత్త కొలువుల అడుగు పెడ్తవా బిడ్డా? రేపు బుధారం, మంచిగుంటది. ఒక్క రోజుల ఏం పోతది?" అంది. నెపమంతా ఆమె మీద నెడితే పాపం. నాకూ ఆ పట్టింపు ఉంది. బుధవారం పొద్దున తలస్నానం చేసి, కొత్త చీర కట్టుకుని వెళ్లి జాయినయ్యాను.

ఒక్క రోజులో ఏం పోతుందో ఇన్నేళ్లకు తెలిసింది.

నా పేరు ఎదురుగా మంగళవారం తేదీ కొట్టాను. మారింది ఒక్క అంకే. తేదీలు ఒకటైతే వయసు చూస్తారు, వయసులో నేనే పెద్ద. ఆ అంకెను చూస్తూ కూర్చున్నాను. పాత హాజరు పట్టీ ఎవరైనా తీస్తే నా మొదటి సంతకం బుధవారం గడిలోనే కనబడుతుంది. తేదీ మళ్లీ సరిచేశాను. అది నిజాయితీ అని ఎవరైనా అంటే ఒప్పుకోను. ఒట్టి భయం.

సాయంత్రం కోదాడ అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, లిస్టు మీరే కొడుతున్నారంట గదా? నేనెక్కడున్నానక్కా? రెండ్రోజుల్నించి అన్నం దిగట్లేదు."

"నాలుగో నంబరు."

"మరి మీరు?"

"నీ ఎనకనే."

ఆమె ఏడ్చింది. నాకు ఒళ్లు మండింది. ఉద్యోగం పోయేది నాకైతే ఈమె ఏడవడమేమిటి?

ఇంట్లో చెప్పాను. అత్తమ్మ గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ, "నా నోరు పడిపోను" అంది. ఆమెను ఓదార్చడంతోనే సరిపోయింది, నా ఏడుపు వాయిదా పడింది.

తీసేసే ఆర్డరు రావడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలూ టపా తెచ్చే మనిషి అడుగుల చప్పుడు వినబడితే చాలు, టైపు ఆపి తలుపు వైపు చూసేదాన్ని. చివరికి నా పేరుతోనే వచ్చింది. సూపరింటెండెంటు గారు దాన్ని నా చేతికిచ్చి, నా ముఖం చూడలేక గోడ వైపు చూశారు.

"ఇయ్యాల మంగళారమమ్మా. ఆడబిడ్డవు, గిట్ల పోవద్దు. రేపు పొద్దుగాల రిలీవ్ గావచ్చు. ఒక్క రోజుల ఏం పోతది?"

ఆయన మంచి మనసుతోనే అన్నారు. నేను ఆ రోజు తేదీయే వేసి సంతకం చేశాను.