రాజేశం కాక పట్టిన నూలుతాడు

స్పీకర్లను సరిచూడటానికి వాడే ఆ శబ్దాన్ని పింక్ నాయిస్ అంటారు. పెద్ద వానలాంటి ఒకటే హోరు. నిన్న పొద్దున కోరుట్లలో ఒక థియేటర్‌లో, మొదటి ఆటకు ముందు, ఖాళీ కుర్చీల మధ్య కూర్చొని ఒక్కో స్పీకర్‌లోంచి ఆ హోరు వదులుతూ మీటర్ చూసుకుంటున్నాను. కుడి గోడ స్పీకర్ మోగగానే నా చెయ్యి దానంతటదే సంచిలోని నూలుతాడు మీదికి పోయింది. దూరం కొలిచే లేజర్ పరికరం పక్కనే ఉంది. అయినా ఆ తాడు ఇంట్లో పెట్టి రావడం నాకు చేతకాదు.

అది రాజేశం కాకది. సొంత బాబాయి కాదు. డిప్లొమా అయ్యాక నేను జగిత్యాలలో చేరిన సౌండ్ సర్వీసులో పెద్ద మెకానిక్. సిరిసిల్లలో ఇరవై ఏళ్లు సాంచాలు నడిపి, ఆ మరమగ్గాల మోటార్లు బాగుచేస్తూ చేస్తూ ఆంప్లిఫయర్ల వైపు వచ్చినవాడు. ఆయన తాడుకు అడుగుకొక ముడి. ఒక కొస తెర దగ్గర ఆయన పట్టుకుంటే, రెండో కొసతో నేను చివరి వరస మూల సీటు దాకా నడవాలి. నడుమ సీటు దాకా కొలిస్తే చాలదా అని ఒకసారి విసుక్కున్నాను.

"నడుమ సీట్ల ఓనర్ కూసుంటడు బిడ్డా. ఒక్కడే అచ్చినోడు మూలకు కూసుంటడు. ఆనికి మాట తెరకెళ్లి రావాలె, పక్క గోడకెళ్లి కాదు."

ఆ మూల సీటుకు గోడ స్పీకర్ దగ్గర, తెర దూరం. రెండూ ఒకేసారి మోగితే గోడ శబ్దమే ముందు చెవిన పడుతుంది. అందుకే గోడ స్పీకర్లను కొన్ని మిల్లీసెకన్లు ఆపి వదలాలి. రెండు దూరాలకూ తేడా ఎన్ని ముడులో సుమారుగా అన్ని మిల్లీసెకన్లు, పైన ఇంకొంచెం. ఈ లెక్కలో కాక ఎన్నడూ తప్పలేదు.

తప్పింది చెవి. సన్నని శబ్దాలన్నీ ఆయనకు సాంచాల మోతలో ఎప్పుడో పోయాయి. తనకు వినబడే దాకా ట్రెబుల్ పెంచేవాడు; మిగతావాళ్లకు చెవుల్లో సూదులు. మొదటిసారి మీటర్ చూసినప్పుడే నాకు అర్థమైంది. చెప్పలేదు. ఆయన చాయ్ తాగడానికి బయటికి పోగానే తగ్గించేసేదాన్ని. రెండేళ్లు అలాగే చేశాను. మహా మంచి పని చేస్తున్నానని మురిసిపోయాను కూడా, నా మొహం.

సిరిసిల్లలో దొరికిపోయాను. తన ఊరి హాలు కదా, మర్నాడు పొద్దున ఇంకోసారి చూద్దామన్నాడు. పెట్టిన అంకెలన్నీ మిషన్ల అల్మారా తలుపు లోపల సుద్దతో రాసుకోవడం ఆయనకు అలవాటు.

"ట్రెబుల్ నేను ఎనిమిది పెట్టిన. ఐదు ఎవలు జేసిండ్రు?"

"కరెంటు పోయి అచ్చింది గదా కాకా. మిషినే మారిపోయిందేమో."

"మిషిన్‌కు గంత తెలివుంటే మనమెందుకు?" అని నవ్వాడు. తర్వాత నా ముఖం చూశాడు. నవ్వు ఆగిపోయింది. "ఎన్ని రోజుల సంది?"

"మొదటి సంది."

ముందు వరస కుర్చీలో కూలబడ్డాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"చెప్తే అయిపోతుండె గదా బిడ్డా. తాడు నేను పట్టేటోన్ని, చెవు నువ్వు పెట్టేదానివి. గిన్నొద్దులు ఇద్దరం ఇంటున్నమనుకున్న. నువ్విన్నది నాకు చెప్పకపోతే నేనొక్కన్నే ఇన్నట్టు."

తాడు చుట్టి నా చేతిలో పెట్టాడు. ఆ తర్వాత ఆయన మళ్లీ పనిలోకి రాలేదు.

ఆయన చనిపోయే ముందు ఒక్కసారి సిరిసిల్ల వెళ్లి చూశాను. అప్పటికి మామూలు మాట కూడా సరిగా వినబడటం లేదు. "తప్పు జేసిన కాకా, మొదటి రోజే చెప్పాల్సింది" అని చెవి దగ్గర రెండుసార్లు అన్నాను. తలూపి, చాయ్ తాగమని సైగ చేశాడు.

ఇప్పుడు ఎవరి పనిలో తప్పు కనిపించినా వాళ్ల ముఖం మీదే చెప్తాను. కోపిష్టిదాన్నని పేరు కూడా వచ్చింది, రానీ. నిన్న కోరుట్లలోనూ తాడు ఒక కొసను తెర కింది ఇనుప కాలికి కట్టి, రెండో కొస పట్టుకొని మూల సీటు దాకా నడిచాను. అక్కడ కూర్చొని విన్నాను. మాట తెర నుంచే వస్తోంది. ఆ రోజు కాక నా మాట వినబడి తలూపాడో, నేను బాధపడకూడదని ఊపాడో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.