పన్నెండో అరుపు

శ్యాంసుందర్ చివరగా చేసిన పని కుక్కర్‌లా కూత వేయడం. హాల్లో పేపరు చదువుకుంటూ, వంటింట్లో కుక్కర్ రెండోసారి కూసి ఊరుకోగానే మూడో కూత తను కూశాడు. ఆవిరి తుస్సుమని దిగిపోయే చప్పుడుతో సహా. పెరట్లో బట్టలారేస్తున్న అనసూయ కూతలు లెక్కపెట్టుకుని, వచ్చి పొయ్యి కట్టేసింది. ముప్పై ఆరేళ్ల కాపురంలో నెలకొక్కసారైనా జరిగే ముచ్చటే అది. మూత తీస్తే పప్పు పలుకు పలుకుగానే ఉంది. "సిగ్గుండాలె అరవై రెండేండ్లకు" అంటూ ఆమె గరిటె పట్టుకుని హాల్లోకి వచ్చింది. ఆయన పేపరు ముఖం మీద పెట్టుకుని ఉన్నాడు. నవ్వాపుకుంటున్నాడని ఆమె కాసేపు అట్లాగే నిలబడింది. నవ్వు రాలేదు.

కూతురు తేజస్వి ఆఫీసు రెండు వీధుల అవతలే, ఇల్లున్న సుబేదారి పేటలోనే. తల్లి ఫోను చేసిన నాలుగు నిమిషాల్లో వచ్చింది. అప్పటికింకా ఊపిరి ఆడుతోంది. దవాఖానలో మరో రెండు గంటలు ఆడింది.

హనుమకొండలో ఆయన్ని మిమిక్రీ శ్యాంసుందర్ అంటేనే ఎవరికైనా తెలుస్తుంది. పొట్టకూటికి వరంగల్ బజార్లో బట్టల దుకాణంలో ముప్పై ఏళ్లు సేల్స్‌మన్‌గా చేశాడు. కొన్న చీర మీద కత్తెర ఆనించి నోటితో పర్రున చింపేవాడు. కొన్నావిడ గుండె బాదుకుని, తర్వాత నవ్వి, మళ్లీ వచ్చినప్పుడు ఆయన కౌంటరే వెతుక్కునేది. సాయంత్రాలు స్కూలు వార్షికోత్సవాలు, గణపతి మండపాలు, పెళ్లిళ్లు. కాజీపేటలో ఇంజను మారుతున్న రైలు, బురదలో ఇరుక్కున్న ఎద్దుబండి, ఒకే గొంతులో రెండు కుక్కల కొట్లాట. ఆయనకు ఒక్కటే నియమం ఉండేది. చెవులారా విననిది నోటితో చేయడు. సింహం చెయ్యమని పిల్లలు గోల పెట్టినా, నేను సర్కస్ సింహాన్నే విన్నాను, అది అరవదు, ఆవులిస్తుంది అని ఆవులించి చూపేవాడు.

అడవి చప్పుళ్లన్నీ ఏటూరునాగారంలో నేర్చినవి. ఇరవై ఏళ్ల వయసులో మేనమామ ఆయన్ని ఇప్పపువ్వు, చింతపండు కొనే పని మీద అక్కడికి పంపాడు. నాలుగేళ్లున్నాడు. నెమలి, అడవికోడి, కొండముచ్చు, ఏది కూసినా పక్క గుట్ట మీది నుంచి జవాబు వచ్చేదట. దుప్పిని మాత్రం ఏ స్టేజీ మీదా చేయలేదు. ఎందుకని తేజస్వి పదో తరగతిలో అడిగితే ఒక్కసారి చెప్పాడు. మళ్లీ చెప్పలేదు.

ఒక ఎండాకాలం కిషన్ రావు అనే కంట్రాక్టరు దోస్తులను జీపులో వేసుకుని తుపాకులతో వచ్చాడట. ఈ పిల్లగాడు ఏ జంతువునైనా పిలుస్తాడని ఎవరో చెప్పారు. తీసుకుపోయి పొద చాటున కూర్చోబెట్టి, దుప్పి పిల్ల తప్పిపోయి ఏడ్చినట్టు ఏడవమన్నారు. వయసులో ఉన్నాడు, పదిమంది పెద్దమనుషులు తన విద్య చూస్తున్నారు. ప్రాణం పెట్టి ఏడ్చాడు. తల్లి దుప్పి వచ్చింది. జీపును చూడలేదు, మనుషులను చూడలేదు, నేరుగా పొద దగ్గరికి వచ్చింది.

"నా నోటి దిక్కు చూసుకుంట నిలబడ్డది బిడ్డా," అన్నాడు. "పిల్ల ఏదని."

అది కూలబడ్డాక వాళ్లు వీపు తట్టారట. శాబాష్ అన్నారట.

తేజస్వి చదువంతా హనుమకొండలోనే. పవన్ అనే సీనియర్ పెట్టిన చిన్న కంపెనీలో చేరింది. మొత్తం ఐదుగురు. ఫోనులో ఆడే ఆట ఒకటి తయారు చేస్తున్నారు. ఆడే పిల్లలు ఒక అడవిలో తిరుగుతూ పన్నెండు రకాల జంతువులను పట్టుకోవాలి. వాటిని బుట్టల్లో వేసుకుని తిరగాలి, మేపాలి, పేరు పెట్టుకోవాలి, విద్య నేర్పాలి, ఇంకొకరి జంతువు మీదికి ఉసిగొల్పాలి. ఓడింది పడిపోతుంది. ఒక కుండలోని నీళ్లు చల్లితే మళ్లీ లేస్తుంది. కొమ్ములు, ఈకలు కలగలిపి గీసిన బొమ్మలే తప్ప ఏవీ నిజం జంతువులు కావు. పన్నెండోదాని పేరు చుక్కి. మచ్చల ఒళ్లు, సన్నటి కాళ్లు, ముందరి కాలు ఎత్తి నిలబడే అలవాటు.

చప్పుళ్ల పని తేజస్విది. ఒక్కోదానికి ఐదు కావాలి. పిలుపు, సంబరం, దాడి, దెబ్బ తిన్న మూలుగు, పడిపోయేటప్పటి అరుపు. ఇంటర్నెట్టులో బోలెడు దొరుకుతాయి. మా బాపు చేస్తాడు అని ఆమే పట్టుబట్టింది. కరోనా తర్వాత ఆయన్ని పిలిచేవాళ్లు తగ్గారు. కిందటేడు ఒక స్కూల్లో నాలుగు నిమిషాలిచ్చారు. మూడో నిమిషంలో వెనక వరసల పిల్లలు డాన్స్ డాన్స్ అని అరిచారు. ఆ రోజు ఆయన ఇంటికి వచ్చి బూట్లు విప్పిన తీరు ఆమె చూసింది. ఈ ఆటలో పడితే బాపు గొంతు ప్రతి పిల్ల చేతిలోనూ బతికి ఉంటుందని పవన్‌తో అంది. ఇంట్లోనూ అదే అంది.

ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. పని మొదలుపెట్టే ముందు వారం రోజులు ఇట్లాంటి జంతువులు తమ పేరే అరుస్తూ కొట్లాడుకునే కార్టూన్లన్నీ ఫోనులో ముందేసుకుని చూశాడు. వారం చివర మెట్ల మీద కూర్చుని అడిగాడు.

"ఇవి పేరు తప్ప ఇంకో మాట మాట్లాడయా?"

"మాట్లాడయ్ బాపు. అదే వాటి స్టైల్."

"స్టైల్ కాదు బిడ్డా. వద్దు అనే మాట రాకుంట చేసిన్రు."

తేజస్వి నవ్వింది. నువ్వు మరీ లోతుకు పోతానవ్ అంది. ఆ జంతువులకు కొట్లాటంటే ఇష్టమని, యజమానికీ వాటికీ ప్రాణస్నేహమని, పిల్లలు దాని నుంచి నేర్చుకునేది ప్రేమేనని వివరించింది. అవన్నీ ఆమె పవన్‌తో కలిసి పెట్టుబడి పెట్టే బెంగళూరు వాళ్లకు రాసి పంపిన మాటలే. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"దోస్తుని బుట్టల పెట్టుకొని మోస్తరా ఎవరన్న?"

"బాపూ, సావయ్ గద. పడిపోతయ్, మళ్ల లేస్తయ్."

"లేస్తే ఏం చేస్తరు?"

"మళ్ల ఆడిస్తరు."

"నేనడిగేది అదే."

అయినా చేశాడు. కూతురి పని. పదకొండు జంతువులు, ఒక్కోదానికి ఐదు చప్పుళ్లు, పన్నెండు రోజులు. విననిది చెయ్యడు కాబట్టి ప్రతి అరుపూ ఎక్కడో విన్నదే అయి ఉండాలి. తేజస్వి అడగలేదు. ఐదో జంతువు పడిపోయినప్పుడు మాత్రం, హంటర్ రోడ్డు మీద ఆటో కింద పడ్డ కుక్కది అని ఆయనే చెప్పాడు. ఆమె తల ఊపి ఫైలుకు నంబరు వేసింది. పడిపోయే అరుపు చేసిన రోజు ఆయన ఇంటికి వచ్చి అన్నంలోకి ఏమీ కలుపుకోకుండా మజ్జిగ పోసుకునేవాడు. గొంతు కాపాడుకుంటున్నాడని తల్లీ కూతురూ అనుకున్నారు.

చుక్కి దగ్గర ఆగింది. పిలుపు చేశాడు, సంబరం చేశాడు. మిగిలినవి ఎట్లాగో చేశాడు. చివరిది మాత్రం నాతోని కాదు అన్నాడు. సోమవారం ఆట బెంగళూరు వాళ్లకు చూపించాలి. ఒక్కటే కదా, బయటి నుంచి పెట్టేద్దామని పవన్ అన్నాడు. అంకుల్‌ను ఇబ్బంది పెట్టకు అని కూడా అన్నాడు. తేజస్వికి మనసొప్పలేదు. యాభై తొమ్మిది చప్పుళ్లు బాపువి, ఒక్కటి ఎవరిదో ఎట్లా? శుక్రవారం అన్నాలు తినేటప్పుడు ఆ మాట అనేసింది.

"నలభై ఏండ్ల కిందటి దుప్పి కోసం ఇప్పుడు నా పని ఆగాల్నా బాపు?"

అనసూయ కూతురి వైపు కళ్లెర్రజేసింది. శ్యాంసుందర్ చేయి కడుక్కుని వచ్చి, తువాలుతో తుడుచుకుంటూ, "రేపు అస్త తియ్," అన్నాడు.

మే నెల శనివారం, మధ్యాహ్నం. ఆఫీసులో గోడలకు పరుపులు కట్టిన చిన్న గది. చప్పుడు పడుతుందని ఫ్యాను ఆపేస్తారు, ఏసీ ఆపేస్తారు, తలుపు వేసేస్తారు. ఆయన లోపల, అద్దానికి ఇవతల తేజస్వి, పవన్. మొదటి మూడుసార్లు అరుపు వచ్చింది గానీ అందులో జీవం లేదు. బాపు తప్పించుకుంటున్నాడని తేజస్వికి అర్థమైంది. చిన్నప్పుడు తను చదివినట్టు నటిస్తే ఆయన కనిపెట్టినట్టే కనిపెట్టింది. ఇంకోసారి అంది.

నాలుగోసారి వచ్చింది వేరు. సన్నగా మొదలై, మధ్యలో ఏదో తెగినట్టై, ఊపిరిగా మారి ఆగింది. పవన్ చేతి మీద రోమాలు లేచాయి. అతను చేయి చాపి చూపించాడు. ఆమె హెడ్‌ఫోన్లు మెడ మీదికి లాక్కుని అతని వైపు తిరిగింది. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. ఆ తర్వాత ఆమె మైకు బటన్ నొక్కింది. "సూపర్ బాపు. ఇంకొక్కసారి, సేమ్ గట్లనే."

ఐదోసారి గాలి తప్ప ఏమీ రాలేదు. తలుపు తీస్తే ఆయన చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. ముఖం మీద నీళ్లు కారుతున్నాయి.

"అచ్చిందా?"

"అచ్చింది బాపు."

"ఇగ సాలు," అన్నాడు.

ఆ వారమంతా గ్యాస్ అన్నాడు. జీలకర్ర కాచిన నీళ్లు తాగాడు. ఎడమ చేయి గుంజుతోందంటే దుకాణంలో బట్టల థాన్లు ఎత్తీ ఎత్తీ ఇప్పుడు బయటపడుతోందని అనసూయ నూనె రాసింది. తొమ్మిదో రోజు కుక్కర్‌లా కూశాడు.

దవాఖానలో డాక్టరు చిన్నవాడు. ఈసీజీ కాగితం పట్టుకుని నిదానంగానే చెప్పాడు. ఇవాళ వచ్చింది రెండో గుండెపోటు. మొదటిది ఒక వారం, పది రోజుల కిందట వచ్చి ఉండాలి. అప్పుడే తీసుకొస్తే మాట వేరుగా ఉండేది. ఎప్పుడన్నా ఛాతీ నొప్పని అన్నాడా, ఒళ్లంతా చెమటలు పట్టాయా? అనసూయ గ్యాస్ అన్నాడయ్యా అంది. తేజస్వి చున్నీ కింద వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంది.

నాలుగో అరుపు అప్పటికే బెంగళూరు పోయింది. వాళ్లకు నచ్చింది.

నెల దాటాక ఆటను పిల్లలు ఎట్లా ఆడతారో చూడడానికి ఒక స్కూలుకు పోయారు. ఇరవై మందికి ఇరవై ఫోన్లిచ్చారు. దీప అని ఆరో తరగతి అమ్మాయి, రెండు జడలు, మెతక మాట. చుక్కిని పట్టుకుని, గడ్డి మేపి, బంగారం అని పేరు పెట్టుకుంది. అయితే ప్రతి ఆటలోనూ ఓడిపోతోంది. తేజస్వి పక్కన కూర్చుని, దెబ్బ తప్పించుకునే మీట ఎక్కడుందో చూపించబోయింది.

"తెల్సక్కా. నేనే ఓడగొడ్తాన్న."

"ఎందుకమ్మా?"

"అది పడ్డప్పుడు అరుస్తది సూడు, మస్తుంటది. నిజంగ అరిసినట్టే."

పక్క పిల్లలు వంగి విన్నారు. నాకేది నాకేది అని వాళ్లూ చుక్కిని వెతుక్కున్నారు. కుండలోంచి నీళ్లు చల్లి లేపడం, నిలబెట్టడం, మళ్లీ పడగొట్టించడం. స్కూలు గంట కొట్టేదాకా తేజస్వి అక్కడే కూర్చుంది.   వాళ్లు చేస్తున్నది, తను అద్దానికి ఇవతల కూర్చుని చేసిందే.

ఆఫీసుకు వచ్చి, ఆ అరుపు తీసేద్దామని పవన్‌తో అంది. అతను మర్యాదగానే, "అంకుల్ గొంతు బతికుంటదన్నది నువ్వే గద తేజస్వీ," అన్నాడు. ఆమె ఆ శనివారం మొదటి మూడుసార్లు వచ్చిన జీవం లేని అరుపుల్లో ఒకదాన్ని దాని స్థానంలో పెట్టాలని నిశ్చయించుకుని, కోయని పూర్తి ఫైలు తెరిచింది. బాపు పోయాక దాన్ని తెరవడం అదే మొదలు.

తెర మీద చప్పుడు గీతలుగా కనిపిస్తుంది. పెద్ద చప్పుడుకు ఎత్తు గీతలు, చిన్నదానికి పొట్టివి. ఎత్తైనవి ఉంచి పొట్టివి కోసేయడం ఆ పనిలో అలవాటు. అన్నీ వింటూ కూర్చుంటే తెల్లవారుతుంది. ఆ రోజు నాలుగో అరుపును కూడా ఆమె కంటితోనే కోసింది. అరుపు ఆగిన చోట, పొట్టి గీతలు మొదలైన చోట.

ఈసారి మొదటి మూడూ విని, నాలుగోదాన్ని కోయకుండా వదిలేసింది. అరుపు ఆగింది. కొంచెంసేపు ఊపిరి. హెడ్‌ఫోన్లు తన మెడ మీద ఉన్నప్పటి మాట ఒకటి, చాలా మెల్లగా, అద్దం అవతల నుంచి. "జర కూసుంటనా బిడ్డా?" ఊపిరి. జవాబు కోసం ఆగినంతసేపు ఖాళీ. మళ్లీ అదే మాట. లోపల కుర్చీ లేదు. కిర్రుమంటుందని ఆ పొద్దున ఆమే బయట పెట్టించింది.