నా వేలు, ఆయన ఫోను

నాకు అక్షరాలు యాభై దాటినంక వచ్చినయి. వేలిముద్ర వేస్తుంటే ఆఫీసుల్ల నవ్వుతుండ్రని పట్టువట్టి సంతకం నేర్చుకున్న. అది వచ్చేసరికి సర్కారు మనసు మారింది. సంతకం వద్దట, వేలే కావాల్నట. మంచిగున్నది.

చిన్నప్పటి సంది బీడీలు చుట్టి చుట్టి నా వేళ్ల గీతలన్నీ అరిగినయి. రేషన్ డీలర్ మిషిన్ మీద నా వేలు ఒత్తిండు, తుడిచి ఒత్తిండు. పట్టలే.

"గీ నెలల నువ్వే అని రుజువు కాకుంటే కార్డుల నీ పేరు తీసేస్తరవ్వా. ఆధార్‌ల ఉన్న ఫోనుకు ఓటీపీ వస్తది, చెప్పు" అన్నడు.

నా ఫోను మోగలే. మోగింది మా ఊర్లె ఆన్‌లైన్ సెంటర్ నడిపేటాయన ఫోను. ఆధార్ తీసిన నాడు మా వాడకట్టుల ఎవరికీ ఫోను లేకుండె. ఆయన ధర్మాత్ముడు, అందరికీ తన నంబరే రాసిండు. సర్కారేమో పెద్ద తాళం వేసినమంటది. తాళంచెవులన్నీ ఆయన అంగి జేబుల ఉన్నయి.

ఆయన దగ్గరికి పోయిన. గోడకు పెద్ద కాగితం అంటించుకున్నడు. కూడబలుక్కుంట చదివిన: "మీ ఓటీపీ ఎవరికీ చెప్పకండి."

"నా ఓటీపీ జర నాకు చెప్తవా బిడ్డా?"

"పొద్దటి సంది మస్తు వచ్చినయవ్వా. గిండ్ల నీదేదో నాకేం ఎరుక?"

"అయితే నా నంబరు ఎక్కియ్యి."

"దానికి మెట్‌పల్లి ఆధార్ సెంటర్‌కు పోవాలె. ఆడ వేలు పెట్టాలె."

"వేలు పడితే నీ మొఖం చూడనీకి ఎందుకొస్త?"

అయినా పోయిన. మెట్‌పల్లిల వేలు పట్టకుంటే, కండ్లకు ఏదో డబ్బా అడ్డం పెట్టిండ్రు. పట్టింది. నయం, కండ్లతోటి బీడీలు చుట్టలే. కొన్నొద్దులకు నా నంబరు ఎక్కింది.

మళ్ల డీలర్ దగ్గరికి పోయిన. గీసారి నా ఫోనే మోగింది. డీలర్ చెయ్యి చాపిండు.

"ఇటియ్యవ్వా, నేను కొడ్త."

"ఎవరికీ చెప్పొద్దని రాసున్నది."

"నాకు చెప్పకుంటే నీ పేరెట్లుంటదే?"

"మిషిన్ ఇటు తిప్పు. నీ మొఖం అటు తిప్పు."

ఒక్కొక్క అంకె చూసుకుంట నేనే ఒత్తిన. ఎనుక లైన్ల వాళ్లు "ఇయ్యాల ఒడుస్తదా ముసల్దానా" అని మొత్తుకున్నరు. మొత్తుకోనీ. పేరు నాది, వాళ్లది కాదు. మిషిన్ల పచ్చగ టిక్కు పడ్డది. పేరు నిలిచింది.

డీలర్ మొఖం మాడ్చుకున్నడు. "గిన్నేండ్ల సంది బియ్యం పోస్తున్న, నా మీద నమ్మకం లేదా అవ్వా?"

"నీ కాంటా మీద ఎంతున్నదో గంతే ఉన్నది బిడ్డా. బియ్యం పొయ్యి, సంచి పట్టిన."

ఆయన జోకుతుండు. నేను కాంటా దిక్కే చూస్తున్న.